ఎదురు డబ్బాలో అక్క

దయ్యాలూ గాలీ ధూళీ అంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. చౌటుప్పల్ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేసే పని నాది. మిషను దానంతటదే ఆగిందంటే ఎక్కడో వైరు వదులైందని వెతుకుతాను తప్ప నిమ్మకాయ కోయను. ఇది చదివి నవ్వేవాళ్లు నవ్వండి. వేరే ఎవరైనా చెబితే నేనూ నవ్వేవాణ్ణే.

మా కంపెనీ మందు గోలీలు చేసే మిషను ఒకటి ఆస్ట్రియాలో కొన్నది. అక్కడి నుంచి పంపేముందు నడిపి చూసుకోవడానికి నన్ను రెండు వారాలకు పంపారు. చలికాలం. చుట్టూ కొండలు, మధ్యలో పెద్ద చెరువు, ఒడ్డున చిన్న ఊరు. ఆ ఊరి పేరు ఇప్పటికీ నాకు నోరు తిరగదు. చెరువు గడ్డకట్టి తెల్లటి మైదానంలా ఉంది. కాళ్లకు పొడుగాటి బద్దలు కట్టుకుని, కొండ మీది నుంచి మంచులో జారుతూ దిగడానికే జనం అక్కడికి వస్తారు. భువనగిరి గుట్ట ఎక్కడమే గొప్ప అనుకునే నేను ఆ కొండల్ని చూసి నోరు తెరిచాను.

ఆదివారం సెలవు దొరికితే రోప్‌వే ఎక్కాను. చుట్టూ అద్దాలున్న డబ్బాలు ఒకదాని వెనక ఒకటి పైకి పోతుంటాయి, పక్క తీగ మీద అలాగే కిందికి వస్తుంటాయి. నా డబ్బాలో ఒక ముసలి జంట కూడా ఉంది. పైకి పోయేవన్నీ నిండుగా ఉన్నాయి. కిందికి వచ్చేవి ఖాళీ, ఎందుకంటే ఎక్కినవాళ్లంతా జారుకుంటూ దిగిపోతారు. అందుకే దిగే డబ్బా ఒకదాంట్లో మనిషి కనబడగానే నా చూపు అటు పోయింది.

అందులో మా అక్క కూర్చుని ఉంది.

యాదమ్మ అక్క. అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్లు. నన్ను పెంచింది అక్కే. తిరుమలగిరి దగ్గర మా ఊళ్లో మేకలు కాసుకుంటుంది. ఊరు దాటడమంటే ఆమెకు యాదగిరిగుట్టకు పోవడమే. అలాంటి మనిషి నీలం చీరలో, చలికి కప్పుకోవడానికి ఏమీ లేకుండా, ఒళ్లో చేతులు పెట్టుకుని ఎదురుగా దిగి వస్తోంది. తలకు చుట్టుకున్న తువ్వాల వెనక్కి జారి నున్నటి గుండు కనబడింది. ఎడమ చేతి మీద తెల్లటి పట్టీ అంటించి ఉంది. నన్ను చూసింది. భయపడినట్టు లేదు, నా గురించే బెంగ పడినట్టు చూసింది.

డబ్బాలు ఒకదాన్నొకటి దాటడానికి పట్టింది రెండు మూడు క్షణాలే. "అక్కా" అని అరుస్తూ పిడికిలితో అద్దం గుద్దాను. తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. ముసలావిడ జడుసుకుని భర్త చేయి పట్టుకుంది. మీరూ చూశారా అని అడిగేంత భాష నాకు రాదు. అక్క కిందికి పోతుంటే నేను పైకి పోతూనే ఉన్నాను. చేతులు కట్టేసినట్టు అంటారు కదా, అదేమిటో నాకు ఆ రోజే తెలిసింది.

పైన దిగీదిగగానే కిందికి పోయే డబ్బా ఎక్కాను. కింద పనిచేసే అతన్ని సైగలతో, వచ్చీరాని ఇంగ్లీషుతో అడిగాను. పొద్దున్నుంచి నేను తప్ప ఒక్కరు కూడా డబ్బాలో దిగి రాలేదన్నాడు.

అక్కడే నిలబడి ఇంటికి ఫోన్ చేశాను. మన దగ్గర అప్పుడు సాయంత్రం. అక్కే ఎత్తింది. వెనక మేకలు అరుస్తున్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. నేను చేసిన పొరపాటు ఇక్కడే ఉంది. మా వైపు ఆడమనిషికి గుండు కనబడితే ఎవరైనా అనుకునేది ఒకటే, మొక్కు తీర్చుకుని తలనీలాలు ఇచ్చిందని.

"గుట్టకు పోయి వెంట్రుకలిచ్చినవా అక్కా?" అని అడిగాను.

అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వింది. "నాకేం మొక్కులున్నయ్‌రా? జడ గట్లనే ఉన్నది. నువ్వు తిన్నవా?"

తిన్నానన్నాను. మంచు వెలుగుకు కళ్లు మోసం చేశాయనుకుని, కనబడింది చెప్పకుండానే ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత కూడా ఎవరికీ చెప్పలేదు.

ఎండాకాలం మొదట్లో అక్కను హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోయాం. రొమ్ములో గడ్డ. చలికాలానికి ముందు నుంచే ఉందట, సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. మందు ఎక్కించడం మొదలుపెట్టిన కొన్నాళ్లకు జడంతా దువ్వెనకు ఊడొచ్చింది. మిగిలింది తనే తీయించేసుకుంది. ఆ రోజు నేను పోయేసరికి నీలం చీర కట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. గుండు మీద తువ్వాల. ఎడమ చేతికి సూది, దాని మీద తెల్లటి పట్టీ. ఎదురు డబ్బాలో నేను చూసింది ఈ అక్కనే.

తర్వాత రెండు నెలలకు ఇంకో మిషను కోసం మళ్లీ నన్నే పంపారు. పోనని మొండికేస్తే అక్కే తిట్టి పంపింది. అదే ఊరంటే నమ్మబుద్ధి కాలేదు. మంచు ఉన్న చోటల్లా పచ్చగడ్డి, మెడలో గంటలు కట్టిన ఆవులు, చెరువులో ఈత కొడుతున్న పిల్లలు. ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా రోప్‌వే ఎక్కుతూ దిగుతూనే ఉన్నాను. ఈసారి దిగే డబ్బాల్లోనూ జనం ఉన్నారు. ఒక్కొక్క మొహమూ చూశాను. జుట్టు మొలిచిన అక్క ఒక్కసారి కనబడితే చాలు, బతుకుతుందని ధైర్యం తెచ్చుకుందామనుకున్నాను. దయ్యాలు లేవని ఎగతాళి చేసే నేను, దేన్నో తెలియకుండానే రమ్మని బతిమాలాను. అక్క కనబడలేదు. అది మంచికో చెడుకో ఎవరిని అడగాలి?

తిరిగొచ్చిన రోజే దవాఖానకు పోయాను. అక్క బాగా చిక్కిపోయింది. నా కుడి చేయి తీసుకుని వేళ్ల కణుపులు తడిమి చూసింది.

"మందు ఎక్కిస్తుంటే జర కన్నంటుకున్నది. అద్దాల డబ్బల కూసున్న. చుట్టూ అంత తెల్లగున్నది. ఎదురుంగ నువ్వు మీదికి పోతున్నవ్. అద్దం గట్ల గుద్దుతున్నవేందిరా? చెయ్యి నొయ్యలే?"

నేను చెప్పేలోపే అక్క మళ్లీ అడిగింది.

"గా డబ్బ దిగినకాడ ఏమున్నదిరా?"

"చెరువున్నదక్కా."

"నీళ్లున్నయా?"

"నిండ ఉన్నయ్."

"అయితే మంచిగనే ఉన్నది" అని కళ్లు మూసుకుంది.

వానాకాలం అయిపోకముందే అక్క పోయింది.

చలికాలంలో నేను చూసింది ఎండాకాలం మంచం మీదున్న అక్కనైతే, అన్ని నెలల ముందే అక్కడికి ఎట్లా వచ్చింది? నేను గుద్దింది ఆమెకు ఎట్లా తెలిసింది? మిషనైతే విప్పి చూసేవాణ్ణి. ఇది నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. అయినా నన్ను పీడించేది అది కాదు. ఆ రోజు ఫోన్లో అక్క కాసేపు మాట్లాడలేదు. గడ్డ అప్పటికే ఉంది. నేను వెంట్రుకల గురించి అడిగాను. ఒంట్లో ఎట్లున్నది అక్కా అని అడగలేదు.