గొంతు పోయింది, నిమ్మకాయ మానాలట

గూడూరు నిమ్మకాయల మార్కెట్లో వేలం వేసే నాకు గొంతే ఆధారం. కొన్నాళ్లుగా అది బొంగురుపోతోంది. ఎంత సవరించుకున్నా ఏదో అడ్డుపడినట్టే ఉంటోంది. ఈ రోజు వేలం మధ్యలో మాట పెగల్లేదు. భయమేసి నేరుగా డాక్టరు దగ్గరికి పోయాను.

గొంతులోకి కెమెరా పెట్టి చూసి, "యాసిడ్ పైకొస్తా ఉంది" అన్నారాయన.

"నాకు గుండెల్లో మంటే లేదు సార్. పులితేన్పులు కూడా లేవు."

"అందరికీ మంట ఉండాలనేం లేదు. కొందరికి ఇట్టా బొంగురు, పొడిదగ్గు, అంతే. ఇంతకీ గొంతుకి ఏం తాగతా ఉండారు?"

"వేడినీళ్లలో నిమ్మరసం సార్. వేలానికి ముందొక గ్లాసు, తర్వాతొక గ్లాసు."

ఆయన తల పట్టుకున్నారు. "ముందు అది ఆపండి. తినంగానే పడుకోబాకండి."

అందుకే అన్నం తిన్నప్పటి నుంచీ మిద్దె మీద తిరుగుతూనే ఉన్నాను. రేపు గొంతు లేస్తుందో లేదోనని కాలు నిలవడం లేదు. సంగతంతా విన్న మా ఆవిడ మాత్రం, "నిమ్మకాయ పడలేదన్న మాట మార్కెట్లో అనబాకయ్యా" అంది.

అనను. మీలో ఎవరికైనా ఇలా మంట లేని యాసిడ్ ఉంటే ఏం తాగుతున్నారో చెప్పండి. మా మార్కెట్ వాళ్లెవరైనా చదువుతుంటే అదీ చెప్పండి, పోస్టు తీసేస్తాను.