స్టాన్‌మోర్‌లో ఇల్లుండగా

పోయిన నెల ఆఫీసు పనిమీద లండన్ వెళ్ళి, ఒక పెద్ద హోటల్లో నా గది ఉన్న అంతస్తులో లిఫ్టు దిగగానే, అప్పుడే వాక్యూమ్ పట్టిన కార్పెట్ వాసన, కింద భోజనాల హాల్లోంచి పైకి పాకివచ్చే వెన్న రాసిన టోస్టు వాసన, ఎవరో వానలో తడిసివచ్చి విప్పిన కోటు వాసన, మూడూ కలిసి ఒక్కసారిగా ముక్కుకు తగిలాయి. పెట్టె పట్టుకుని ఆ నడవాలోనే కాసేపు నిలబడిపోయాను. ఉద్యోగంలో చేరాక ఇలాంటి హోటళ్ళలో చాలాసార్లు దిగాను. అయినా ఆ వాసన నన్ను ప్రతిసారీ ఎనిమిదేళ్ళ పిల్లను చేసి, ఎర్ర మంకీక్యాపు మీద శాలువా కప్పుకున్న మా అవ్వ చేతికి అప్పగిస్తుంది.

మాది ప్రొద్దుటూరు. నాన్న లీడ్స్‌లో ఒక బ్యాంకులో కంప్యూటర్ ఉద్యోగానికి ముందు వచ్చాడు. తర్వాత అమ్మా నేనూ వచ్చాం. తమ్ముడు కార్తీక్ ఇక్కడే పుట్టాడు. అవ్వ, అంటే అమ్మ వాళ్ళమ్మ, మమ్మల్ని చూడడానికి వచ్చింది ఒకే ఒక్కసారి. చలికి భయపడి గది దాటదేమో అనుకున్నాం గానీ, ఆమె కుతూహలం ముందు లీడ్స్ చలి ఏపాటి? పొద్దున్నే కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వీధంతా చూసేది. పక్కింటి ముసలాయన తన తోటలో రాలిన ఆపిల్ పండ్లు ఎందుకు తినడో, గడప దగ్గర పెట్టిపోయిన పాలసీసాలను ఎవరూ ఎందుకెత్తుకుపోరో, కౌన్సిల్ లారీ ఒక వారం పచ్చ డబ్బాను, ఇంకో వారం నల్ల డబ్బాను మాత్రమే ఎందుకు ఖాళీ చేస్తుందో ఆమెకు తెలియాలి. "చెత్త ఎత్తేదానికి గూడా తిథీ వారం చూసుకుంటారా మే వీళ్ళు?" అని అమ్మను అడిగేది. ఆదివారం వచ్చిందంటే బ్రాడ్‌ఫర్డ్ అంగట్లో కొన్న బొరుగులతో ఉగ్గాని చేసి, పక్కన మిరపకాయ బజ్జీలు వేసేది. ఆ ఘాటు ఇరుగుపొరుగుకు పోతుందని అమ్మ కిటికీలు మూస్తూ పోతుంటే, వెనకాలే అవ్వ ఒక్కొక్కటీ తెరుచుకుంటూ వచ్చేది.

ఆకులు రాలే కాలంలో బడికి వారం సెలవులిచ్చినప్పుడు, అవ్వకు లండన్ చూపిద్దామన్నాడు నాన్న. అయితే ఎక్కడ దిగాలన్నది చిక్కయింది. ఎందుకంటే లండన్‌లో మాకు ఇల్లుంది. అవ్వ సొంత చెల్లెలు సరోజమ్మ, మా చిన్నవ్వ, స్టాన్‌మోర్‌లో ఉండేది. ఎప్పుడో నర్సు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడి, పిల్లల్ని పెంచి పెళ్ళిళ్ళు చేసి, భర్త పోయాక ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. మనవాళ్ళ ఇల్లున్న ఊళ్ళో హోటల్లో దిగడమంటే, ఆ ఇంటివాళ్ళు మాకేమీ కారని నలుగురికీ చెప్పినట్టే. అది తెలిసే అవ్వ అంది, "ఆ గడప నేను తొక్కను. హోటలయితే వస్తా. లేకుంటే మీరు పొయ్యి రాండి, నేను ఈడే ఉంటా."

అక్కాచెల్లెళ్ళ మధ్య ఏం జరిగిందో మాకు ఎవరూ చెప్పలేదు. వంటింట్లో పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునే మాటల్లోంచి నేను ఏరుకున్నది ఇంతే. వాళ్ళమ్మ చాలాకాలం మంచాన పడి, తీసుకుని తీసుకుని పోయింది. అన్ని రోజులూ ఎత్తి దించిందీ, కడిగిందీ, తినిపించిందీ అవ్వే. ఎన్నిసార్లు కబురు చేసినా చిన్నవ్వ రాలేదు. అంతా అయిపోయాక ఆమె ఫోను చేస్తే, "ఇంక రావద్దులే" అని అవ్వ పెట్టేసింది. నేను పుట్టకముందటి సంగతి అది. అప్పటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

అట్లా దిగాం లండన్‌లో ఒక హోటల్లో. వీధి ఈ మూల నుంచి ఆ మూల దాకా ఆ ఒక్క కట్టడమే. వాన నీళ్ళకు నల్లబడిన రాయి, వరుసల మీద వరుసలుగా కిటికీలు, ముందు గుండ్రంగా తిరిగే అద్దాల తలుపు. కార్తీక్ అందులోకి దూరి, అటు వీధిలోకీ రాక, ఇటు లోపలికీ పోక తిరుగుతూనే ఉన్నాడు. అవ్వ మాత్రం దాని ముందు ఆగిపోయింది. "ఇది గానుగ మాదిరి తిరుగుతాంది. ఇందులో పడితే నన్ను పిండి బయట పారేస్తాది" అని పక్కనున్న మామూలు తలుపు తీయించుకుని లోపలికి వచ్చింది. ఆ తర్వాత కూడా ఎప్పుడు వెళ్ళినా ఆ పక్క తలుపే.

లోపలికి వచ్చాక ఇక ఆమెను పట్టడం ఎవరి తరమూ కాలేదు. తాళంచెవి బదులు అట్టముక్కలాంటి కార్డు ఇస్తే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తలుపుకు పెట్టగానే పచ్చదీపం వెలిగితే మళ్ళీ మూయించి మళ్ళీ తెరిచింది. గదిలో బల్ల మీది కెటిల్, దాని పక్క గిన్నెలో కాగితం చుట్టిన చక్కెర బిళ్ళలు, అలమారలో గోడకు బిగించిన ఇస్త్రీపెట్టె, స్నానాలగదిలో కొబ్బరిబిళ్ళలంత సబ్బులు, అన్నీ ముట్టి చూసింది. పరుపు అంచుల కింద గట్టిగా దోపిన దుప్పటిని చుట్టూ తిరిగి ఊడదీసి, "మనిషిని కవరులో పెట్టి అంటించినట్టుండాది" అంది. నడవాలో కార్పెట్ మీద ఎర్ర చదరాలు, నీలం చదరాలు ఉండేవి. ఎర్రవాటి మీద కాలుపెడితే ఓడినట్టని నేనూ తమ్ముడూ కుంటుతూ లిఫ్టు దాకా పోయి వచ్చేవాళ్ళం. మూసి ఉన్న ఆ తలుపుల వెనక ఎవరెవరున్నారో, ఏ దేశాల నుంచి వచ్చారో, వాళ్ళు కూడా మాలాగే చుట్టాల మీద కోపంతో ఇక్కడ దిగారేమో అని నాకు ఒకటే ఆలోచన.

పొద్దున్న టిఫిను హాల్లో బీన్సు, పుట్టగొడుగులు, కాల్చిన టమాటాలు, అరవై రకాలనిపించే రొట్టెలు. అవ్వ వాటన్నిటి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, రెండు టోస్టులు తెచ్చుకుని, చేతిసంచిలోంచి చిన్న సీసా తీసి వెన్న మీద చెనిక్కాయల కారప్పొడి చల్లుకుంది. వడ్డించే కుర్రాడు అదేమిటని అడిగితే చిటికెడు అతని అరచేతిలో వేసింది. అతను నోట్లో వేసుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుని, ఇంకాస్త కావాలని చెయ్యి చాపాడు. అవ్వకు ఆ రోజంతా అదే సంతోషం. బస్సు పైఅంతస్తులో ముందు సీట్లో కూర్చుని ఊరంతా చూసింది. థేమ్స్ దగ్గర మాత్రం గోడను పట్టుకుని చాలాసేపు నిలబడి, "రంగు మన పెన్న మాదిరే ఉండాది. పెన్నలో ఇన్ని నీళ్ళు మాత్రం నేనెరుగను" అంది.

వానకు బయటికి పోలేని పూట, చక్కెర బిళ్ళలకు చుట్టిన కాగితాలు విప్పి, బిళ్ళలను మంచం మీద పరిచి, నాకు అచ్చనగాయలాట నేర్పింది. ఒకటి ఎగరేసి, అది కిందపడేలోగా తక్కినవి ఊడ్చి పట్టుకోవాలి. చిన్నప్పుడు గచ్చకాయలతో ఆడేదట. ఎవరితో ఆడేదానివని అడిగితే, "ఎవురో ఒకరు" అని ఇంకో బిళ్ళ ఎగరేసింది.

రెండోరోజు సాయంత్రం పడవ షికారు నుంచి తడిసి తిరిగివచ్చాం. హాల్లో పెద్ద దీపం కింది సోఫాలో కూర్చున్న ఒకామె మమ్మల్ని చూసి లేచింది. కత్తిరించిన తెల్లజుట్టు, ప్యాంటు, నీలం రెయిన్‌కోటు. ఆమె ఎవరో నాకు తెలియలేదు. అమ్మ ముఖం చూశాక, మధ్యాహ్నం అమ్మ మాకు దూరంగా పోయి ఎవరికి ఫోను చేసిందో తెలిసింది. అవ్వ ఒక్క క్షణం నిలబడి, గిరుక్కున వెనక్కి తిరిగింది. పక్క తలుపు దగ్గర ఎవరో టూరిస్టుల పెట్టెలు అడ్డంగా గుట్టపడి ఉన్నాయి. ఇంకేమీ చూడకుండా, అప్పటిదాకా భయపడిన ఆ తిరిగే తలుపులోకి దూరిపోయింది.

ఎక్కడ బయటికి అడుగు వేయాలో ఆమెకు తెలియదు. వీధి వచ్చింది, పోయింది. తలుపు ఆమెను మెల్లగా తిప్పి, మళ్ళీ మా హాలు వైపుకే తెచ్చింది. అద్దం అవతల మంకీక్యాపు, శాలువా, బిగించిన పెదవులు. ఇటువైపు చిన్నవ్వ చెయ్యి చాపి నిలబడి ఉంది.

"చాల్లే అక్కా, కళ్ళు తిరుగుతాయి. ఇట్లా రా."

అవ్వ ఆ చెయ్యి పట్టుకుని బయటికి వచ్చింది. రాగానే వదిలేసింది.

అందరం పైకి మా గదికి వచ్చాం. నాన్న తమ్ముణ్ణి చిప్స్ కొనిపెడతానని తీసుకుపోయాడు. నన్ను పంపడం ఎవరికీ గుర్తుకు రాలేదు. అవ్వ మంచం చివర కిటికీ వైపు తిరిగి కూర్చుంది. చిన్నవ్వ కోటు విప్పకుండానే కుర్చీలో ఉంది. అమ్మ కెటిల్‌లో నీళ్ళు కాచి టీ పోసింది, ఎవరూ ముట్టలేదు. కాసేపటికి చిన్నవ్వ చేతులు కడుక్కుంటానని స్నానాలగదిలోకి పోయింది. లోపలినుంచి గొంతు వినిపించింది.

"ఈ సబక్కారమంతా మూట గట్టినావా అక్కా?"

చిన్న సబ్బులన్నీ అవ్వ చేతిరుమాల్లో కట్టిపెట్టుకున్న మాట నిజమే. అయితే ఆ 'సబక్కారం' అనే మాట నేనెప్పుడూ వినలేదు, మా ఇంట్లో అందరం సబ్బు అనే అంటాం. అవ్వ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికి పోయాను. నవ్వుతోంది. నవ్వు ఆపుకోలేక శాలువా నోటికి అడ్డం పెట్టుకుంది.

"అమ్మ పోయినాక ఆ మాట ఎవురి నోట్లోనూ వినలేదు మే," అంది. చిన్నవ్వ ఊరు విడిచి ఎంతకాలమైందంటే, ప్రొద్దుటూరులో మాటలు మారిపోయినా ఆమె దగ్గర వాళ్ళమ్మ మాటలే మిగిలిపోయాయి.

నవ్వు తగ్గాక అవ్వ అడిగింది. "ఎందుకు రాలేదు సరోజా?"

"భయమైందక్కా," అంది చిన్నవ్వ, తుడుచుకున్న చేతులనే మళ్ళీ తుడుచుకుంటూ. "వార్డులో దినామూ చూస్తాండేదాన్ని. అమ్మను గూడా అట్లా చూడలేననుకున్నా."

"నాకు మాత్రం భయం కాలేదా?"

"అయింటాది. నువ్వుండావు గదా అనే, నేను భయపడగలిగినా."

అవ్వ క్షమించాననలేదు. చాలాసేపు కిటికీలోంచి ఎదురింటి కప్పు మీది వాన చూసి, తర్వాత గిన్నెలోని చక్కెర బిళ్ళలు దుప్పటి మీద పోసి, ఒకటి ఎగరేసి పట్టుకుని, మిగతావి చెల్లెలి వైపు తోసింది. చిన్నవ్వ అప్పుడు కోటు విప్పింది. ఇద్దరూ మంచం మీద మఠం వేసుకుని ఆడారు. బిళ్ళలు పగిలి దుప్పటంతా చక్కెర అయ్యింది. నువ్వు తొండి, నువ్వే తొండి అని వాళ్ళు పోట్లాడుకుంటుంటే అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని, తల నిమురుతూ అట్లాగే చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే అవ్వ పెట్టె సర్దింది. హోటల్లో ఉండాల్సిన రోజులు ఇంకా ఉన్నాయని నేను ఏడ్చాను. "ఐ వాంట్ టు స్టే హియర్" అని కార్తీక్ మంచంకోడు పట్టుకున్నాడు. "సొంత ఇల్లుండగా హోటలేంది నాయినా?" అంది అవ్వ, ఆ హోటలు మాట ఇంకెవరో అన్నట్టు.

ట్యూబు రైల్లో చివరి స్టేషను దాకా పోయాం. ఆ వారమే దీపావళి. చిన్నవ్వ వీధిలో గుజరాతీ ఆంటీలు గడపల ముందు రంగులు వేస్తున్నారు, తడిసిన ఆకుల మీద ప్రమిదలు. లిఫ్టూ లేదు, కార్డూ లేదు, చక్కెర బిళ్ళలూ లేవని నేను ఒక పూటంతా ముఖం ముడుచుకుని ఉన్నాను. అయితే వంటింట్లో అక్కాచెల్లెళ్ళు ఓళిగల పూర్ణంలో బెల్లం ఎంత వేయాలని వాదించుకుంటూ, రుచి చూడమని ఇద్దరూ చెరొక ముద్ద నా నోట్లో పెడుతుంటే, అలక ఎంతసేపు నిలుస్తుంది? వెనక తోటలో చేతి తొడుగులతోనే కాకరపువ్వొత్తులు కాల్చాం. మా సెలవులైపోయి మేం లీడ్స్ తిరిగివచ్చినా అవ్వ రాలేదు, అక్కడే ఉండిపోయింది. చలి ముదిరాక ఆమె ఇండియాకు విమానం ఎక్కినప్పుడు పక్క సీట్లో చిన్నవ్వ ఉంది. వాళ్ళమ్మ పోయాక ఆమె పుట్టింటికి పోవడం అదే మొదటిసారి.

ఆ తర్వాత మా చదువుల కాలమంతా, లండన్‌లో ఎవరికి ఏ పనిబడినా స్టాన్‌మోర్‌లోనే దిగేవాళ్ళం. ఇప్పుడు అవ్వ లేదు, చిన్నవ్వా లేదు. అప్పుడు మేం దిగిన హోటల్ ఫ్లాట్లయిపోయిందని నాన్న చెప్పాడు. స్టాన్‌మోర్ ఇంటిని చిన్నవ్వ పిల్లలు అమ్మేశారు. కొన్నవాళ్ళు వెనక తోట సగం తీసేసి గది కట్టుకున్నారట. పోయిన నెల దిగిన హోటల్ గదిలో కోటు తగిలించి, కిటికీ తెరవబోతే అది తెరుచుకునే కిటికీ కాదు. కింద వీధిలో అందరూ ఎవరి ఇళ్ళకు వాళ్ళు పోతున్నారు. అమ్మకు ఫోను చేసి చేరానని చెప్పాను. "హోటల్లోనేనా?" అంది, అవునన్నాను. ఈ ఊళ్ళో నేను హోటల్లో దిగితే నొచ్చుకునే మనిషి ఇప్పుడు ఒక్కరూ లేరు.