గాలితో నడిచే నా స్కూటర్

ఈ సాయంత్రం బంటుమిల్లిలో మా బావ రొయ్యల చెరువుకు వెళ్లాను. నా కొత్త ఎలక్ట్రిక్ స్కూటర్‌ను షెడ్డులో ఛార్జింగ్‌కు పెట్టి, గాలిమరల కరెంటుతో బళ్లు నడిపితే దేశంలో డీజిల్ వాడకం ఎంత తగ్గుతుందో ఆయనకు వివరించడం మొదలుపెట్టాను. ఇంతలో నిజంగానే గాలి లేచింది. వెంటనే కరెంటు తీసేశారు. చెరువులో ఏరేటర్లు ఆగిపోయాయి. అవి తిరగకపోతే రొయ్యలకు ఊపిరాడదు. బావ లుంగీ ఎగ్గట్టి పరుగెత్తి డీజిల్ జనరేటర్ వేశాడు.

"గాలొస్తే డీజిల్ తగ్గుద్దన్నావుగా బావా. మాకిక్కడ గాలొచ్చినప్పుడే క్యాన్లు ఖాళీ అవుతాయి," అన్నాడు తిరిగొచ్చి.

షెడ్డు వైపు చూశాను. నా స్కూటర్ కూడా ఆ జనరేటర్ మీదే ఛార్జవుతోంది. బందరులో మా ఇంటికి చేరేదాకా వెనక పొగ వస్తోందేమోనని అద్దంలో చూసుకుంటూనే ఉన్నాను. మీ బళ్లు దేని మీద నడుస్తున్నాయో మీరైనా నిజం చెప్పండి.