మా ఊళ్లో రైలు ఆగిన రోజులు

ఎర్రగుంట్లకూ కడపకూ మధ్య మా ఊరికి ఒక హాల్ట్ స్టేషన్ ఉండేది. ఒక గది, రెండు సిమెంటు బెంచీలు, పసుపు బోర్డు. ఆ గదిలో టికెట్లు ఇచ్చేది మా నాయన. రైల్వే ఉద్యోగి కాదు, కాంట్రాక్టు మనిషి. అయినా ఉతికిన తెల్లచొక్కా లేకుండా తలుపు తీసేవాడు కాదు.

కరోనాకు బండ్లు నిలిచిపోయాయి. మళ్లీ నడిచినప్పుడు మా ఊళ్లో ఆగలేదు. నాయన మాత్రం రోజూ పోయి గది ఊడ్చి తాళం వేసి వచ్చేవాడు. ఒకరోజు ఎవరో వచ్చి తాళంచెవి తీసుకుపోయారు.

"బండి ఇంక ఈడ నిలబడదంట" అని అమ్మతో చెప్పి, అన్నానికి కూర్చున్నాడు.

ఆ ఎండాకాలం సెలవులకు నేను ప్రొద్దుటూరు నుంచి వచ్చి ఉన్నాను. అక్కడ బళ్లో టీచర్ని. ఒక ఉదయం అమ్మకు గుండెలో నొప్పి వచ్చింది. అంబులెన్సు రావడానికి గంట పడుతుందన్నారు. ఆటో మాట్లాడుకుని కడపకు బయలుదేరాం. ఊరు దాటగానే రైల్వే గేటు పడి ఉంది.

అమ్మ తల నా ఒడిలో ఉంది. "ఏంటికి నిలబడినాం?" అంది.

"గేటు పడిందిమా. ఇప్పుడే తీస్తారు."

కడప ప్యాసింజరు వచ్చింది. ఒకప్పుడు అమ్మ పుట్టింటికి పోవడానికి మా ఊళ్లో ఎక్కిన బండే. నాయన ఆటో దిగి, అది పోయేదాకా చూసి, చేతి గడియారం వైపు చూశాడు.

"ఐదు నిమిషాలు లేటుగా పోతాండాది" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

ఆ బండి ముప్పావు గంటలో కడప చేరుతుంది. మాకు గంటన్నర పట్టింది. కొంచెం ముందు తెచ్చి ఉంటే బాగుండేదని డాక్టరు అన్నాడు. నాయన తల ఊపాడు. మరణ పత్రం కోసం ఇచ్చిన కాగితం మీద అమ్మ వయసు రాయమంటే నేను రెండుసార్లు తప్పు రాశాను. ఏడుపు రాలేదు. తర్వాత కూడా రాలేదు.

మరుసటి ఏడు ఆ గది కూలగొట్టారు. "ఇటుకలు ఏమన్నా కావాల్నా, మామా?" అని మేస్త్రీ అడిగాడు.

"వద్దప్పా. యాడ పెట్టుకోను?" అన్నాడు నాయన.

ఇప్పుడు నాయన నా దగ్గరే ఉంటున్నాడు. మొన్న కంటి పరీక్షకని ఇద్దరం రైల్లో కడపకు పోయాం. మా ఊరు వచ్చేసరికి ఆయన నిద్రపోతున్నాడు. నేను లేపలేదు. కిటికీలోంచి చూశాను. గది ఎక్కడ ఉండేదో సరిగ్గా తెలియలేదు.