సమాయిల్ తోటలో నా గుర్రపు స్వారీ

మొన్న జగిత్యాల బస్టాండు పక్కన పాత పుస్తకాల కుప్పలో అట్ట చిరిగిన తెలుగు కౌబాయ్ నవల ఒకటి కనిపిస్తే, నిలబడినచోటే నాలుగు పేజీలు చదివి నాలో నేనే నవ్వుకున్నాను.

మన ఈడువాళ్లకు ఆ నవలల సంగతి వేరే చెప్పాలా? తొంభైల మొదట్లో నేను ఒమన్‌లో పంపు మెకానిక్‌గా ఉన్నప్పుడు, శుక్రవారాలు ఘాలాలోని మా రూమ్‌లో నేను పైకి చదువుతుంటే, మా అక్క మొగుడితో సహా ఆరుగురు పొయ్యి మీద పప్పు మాడుతున్నా లేవకుండా వినేవారు. ఆ రచయితలు ఏ ఎడారీ చూసి ఉండరు. అయినా వాళ్లు వర్ణించిన బోడికొండలూ, ఎండిన వాగులూ అచ్చం మా కళ్లెదుట ఉన్నవే. కొండలు నిజమైనప్పుడు గుర్రాలూ నిజమేనని నమ్మేశాను.

ఒకసారి సమాయిల్‌లో ఒక ఖర్జూర తోటకు పంపు బాగుచేయడానికి బావా నేనూ వెళ్లాం. పని ముగిసేసరికి తోట యజమాని, తెల్లగడ్డం పెద్దాయన, తన ఆడగుర్రానికి నీళ్లు పట్టడానికి వచ్చాడు. బావ ఊరుకోక, గుర్రాల విద్యలో నన్ను మించినవాడు లేడని హిందీలో చెప్పేశాడు. పెద్దాయన మురిసిపోయి కళ్లెం నా చేతిలో పెట్టాడు.

"ఎక్కు బామ్మర్దీ, ఇప్పుడు ఎనుకకు పోతే ఇజ్జత్ పోతది" అన్నాడు బావ.

నవలల్లో ఒక్క గంతులో ఎక్కుతారు. నేనూ ఒక్క గంతు వేసి, అవతలి పక్క నీటికాలువలో పడ్డాను. రెండోసారి పెద్దాయనే కాలు పట్టి ఎక్కించాడు. మడమలతో తాకిస్తే గాలిలా దూసుకుపోవలసిన గుర్రం, తల తిప్పి నన్నొకసారి చూసి, నింపాదిగా గడ్డిమోపు దగ్గరికి నడిచి మేయసాగింది. గుర్రానికి ఆకలేస్తుందని ఒక్క రచయితా రాయలేదు! దిగడమెలాగో తెలియక, అది మేసినంతసేపూ పైనే కూర్చున్నాను.

ఎక్కడ నేర్చుకున్నావని పెద్దాయన అడిగితే, తడిసిన బట్టలతో అబద్ధం రాక, "కితాబ్ మే" అన్నాను.

ఆయన ముఖంలో నవ్వు మాయమైంది. "ఔర్ పంప్?" అన్నాడు.

కంపెనీకి ఫిర్యాదు వెళ్తే ఉద్యోగం ఊడుతుంది. ఆయన కళ్లముందు పంపు మళ్లీ నడిపించాను. నీళ్లు ఉధృతంగా దూకాక గాని ఆయన నవ్వలేదు. నవ్వాక మాత్రం ఆపలేకపోయాడు. కహ్వా కాఫీ, ఖర్జూరాలు తెప్పించి, ఆ స్వారీ గురించి మళ్లీ మొదటినుంచీ బావ చేత చెప్పించుకున్నాడు.

ఆ తరువాత మా చదువు సాగితే ఒట్టు. హీరో జీను మీదికి దూకగానే "ముందుగాల గడ్డి ఏసిండా లేదా అడుగు" అని బావ అడ్డుపడేవాడు, రూమ్ అంతా గొల్లుమనేది, ఒక్క నవలకు రెండు నెలలు పట్టేది.

ఇప్పుడు ఆ రూమ్‌లలో ఎవరి ఫోన్‌లో వారి కథ. బావ పోయాక నేనూ ఒక్కణ్నే చదువుకుంటున్నాను. అడ్డుపడేవాడు లేక పుస్తకాలు మరీ తొందరగా అయిపోతున్నాయి.