చివరి గంట మాత్రమే

నరసరావుపేట బస్టాండు దగ్గర నెట్ సెంటర్ నడిపే ఆయన్ని నేను బాబాయ్ అనేదాన్ని. నా ఉద్యోగ దరఖాస్తులన్నీ ఆయన చేతి మీదుగానే వెళ్లాయి. పని అవగానే బ్రౌజర్‌లో చివరి గంట హిస్టరీ, టైపు చేసిన వివరాలు చెరిపేసి, "అన్నీ తుడిచేశానమ్మాయ్, నిశ్చింతగా పో" అనేవాడు. ఎవరికైనా అదే మాట.

"గంటదే ఎందుకు బాబాయ్? మొత్తం తీసేస్తే పోద్దిగా?" అన్నానొకసారి.

ఆయన పేరు రాసే గడిలో ఒక్క అక్షరం కొట్టాడు. కింద, ఎప్పుడో టైపు చేసిన ఒక ఆడమనిషి పేరు వచ్చింది.

"మీ పిన్ని. ఈ కంప్యూటర్ కొన్న రోజున అందరికంటే ముందు తన పేరే కొట్టి చూసుకుంది."

ఆమె పోయి అప్పటికి మూడేళ్లు. షాపులో ఎవరూ లేనప్పుడు ఆయన ఆ అక్షరం కొట్టుకుంటూ కూర్చోవడం నేను చూశాను.

మొన్న వేసవిలో బ్రౌజర్ దానంతటదే కొత్త రూపంలోకి మారింది. "స్పీడు పెరిగిందంట గానీ, ఏదీ ఉన్నచోట లేదు. ఏందో ఈ గోల!" అని విసుక్కుంటూనే నా దరఖాస్తు పంపాడు. చెరిపేటప్పుడు అలవాటైన వేలు పాతచోటే నొక్కింది. ఇప్పుడక్కడ మొత్తం చెరిపేసే బటన్ ఉంది.

వెంటనే ఆ అక్షరం కొట్టాడు. కింద ఏమీ రాలేదు. మళ్లీ కొట్టాడు.

నాకేం తోచక, "పిన్ని పేరు ఒకసారి పూర్తిగా కొట్టు బాబాయ్, మళ్లీ వచ్చిద్ది" అన్నాను.

ఆయన కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు.

"నేను కొడితే నేను కొట్టిందే వచ్చిద్దమ్మాయ్. ఆమె కొట్టింది రాదుగా."