రోకలి కోసి చేసిన బుష్షులు

తెల్లవారి కాఫీకి నీళ్లు పెట్టేముందు వజ్రమ్మకు ఒక పని ఉండేది. పొదటూరుపేటలో వాళ్ల ఇంటి ముందుగదిలోని కరెంటు మగ్గానికి, ఇరుసు తిరిగే రెండు ఇనుప బుష్షుల్లోనూ ఆముదం పోయడం. పదేళ్లు పోసింది. మగడు కోదండరామ పోయి రెండు నెలలైంది. అప్పటినుంచి మగ్గమూ తిరగలేదు, ఆమె ఆముదం డబ్బానూ ముట్టలేదు.

పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది, తమిళ ఆడిమాసంలో అతను పోయిన రోజు కుడి బుష్షు కీచుమంటే, ఆమె ఇంకాస్త ఎక్కువే పోసింది. మధ్యాహ్నానికి ఇరుసు పట్టేసింది. కోదండరామ వంగి చూస్తుండగా ఉన్నట్టుండి విడిచి గిర్రున తిరిగింది. మెడలోని తువ్వాలును మోటారు బెల్టు లాక్కుంది.

ఇప్పుడు ఆ మగ్గాన్ని మరిది షణ్ముగం నడపాలి. అతను పాత బుష్షు విప్పి పుల్లతో గీకాడు. నూలు దూదీ ఆముదమూ కలిసి తారులా గట్టిపడిన ముద్ద రాలింది. వజ్రమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది.

“ఇది నేను పోసిందే కదా షణ్ముగం?”

అతను తల ఎత్తలేదు. “ఊరంతా పోసేదే వదినా. పొయ్యమని అన్నే కదా చెప్పినాడు.”

“మళ్లా ఇనుమే వేస్తావా?”

“ఇనుమూ ఇనుమూ రాసుకుంటే నూనె లేకుండా యాడ తిరుగుతాది? నైలాను బుష్షయితే వేడికి మెత్తబడతాది. చేవ కట్టె కావల్ల. పచ్చిదైతే చీలిపోతాది.”

వజ్రమ్మ లోపలికి పోయి అత్తగారి రోకలి తెచ్చింది. ముప్పై ఏళ్లు చేతులు పడి నునుపెక్కిన చండ్రకర్ర.

“అమ్మ రోకలా! పైనుంచి దిగొచ్చి నా వీపు మీద దంచుతాది.”

“దంచనీ. ఆమెకు మిగిలిన కొడుకువి నువ్వే.”

ముక్కలు కోసి, తొలిచి, మైనం కలిపిన ఆముదంలో సన్నసెగ మీద బుడగలు ఆగేదాకా కాచారు. చల్లారేదాకా అందులోనే నాననిచ్చారు. ఇరుసును గరుకైన ఉప్పుకాగితంతో రుద్ది మెరిపించి, కొత్త కట్టె బుష్షులు బిగించారు.

“నూనె కట్టె లోపలే ఉంది వదినా. పైన చుక్క కూడా పొయ్యొద్దు. పోస్తే దూది అంటుకుంటాది.”

మర్నాడు పొద్దున మోటారు వేయబోతుంటే, వజ్రమ్మ అతని భుజం మీది తువ్వాలు లాగేసుకుంది. మగ్గం కదిలింది. కుడి బుష్షు కీచుమంది. అదే కూత. ఆమె చెయ్యి తనంతట తానే ఆముదం డబ్బా మీదికి పోయింది.

“వంగొద్దు! ముందు మోటారు ఆపు!” వంగబోయిన మరిదిని చూసి అరిచింది.

షణ్ముగం ఆపి, బుష్షు మీద వేలు పెట్టి చూశాడు. “చల్లగానే ఉంది. కొత్తది కదా, సర్దుకుంటాది.”

మళ్లీ తిప్పాడు. కూత సన్నబడింది, పూర్తిగా పోలేదు. వజ్రమ్మ డబ్బా మూత బిగించి, ఒడిలో పట్టుకుని గడప మీద కూర్చుంది. కూత వింటూనే ఉంది. ఒక్క చుక్కా పొయ్యలేదు.